వినడమూ ఒక వృత్తే



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి మహబూబాబాద్ నుండి వచ్చింది. రాసిన అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మనస్తత్వశాస్త్రం ఆమె పాఠ్యాంశాలలో ఒకటి. అన్న సైన్యంలో ఉన్నాడు. వదిన, ఇద్దరు పిల్లలు వీరి ఇంట్లోనే ఉంటున్నారు. ఆమె మాటలనే కొంత కుదించి ఇస్తున్నాను:

"ఆపా! నాకు కౌన్సెలర్ కావాలని ఉంది. అబ్బా ఒప్పుకోవడం లేదు. 'పిచ్చివాళ్ళ మధ్య కూర్చునే ఉద్యోగం ఆడపిల్లకు ఎందుకు? మంచిమాట చెప్పినందుకు జీతమేమిటి? ఆ పని ఇంటి పెద్దలు ఊరికే చేస్తారు కదా?' అంటున్నారు. ఈ కోరిక నాకు కలిగింది మా వదినను చూసిన తర్వాతనే. ఫోను మోగితే ఆమె చేతులు వణుకుతాయి. రాత్రి రెండు గంటలకు లేచి వంటింట్లో కూర్చుంటుంది. అడిగితే ఏమీ లేదంటుంది. అబ్బాకు ఏమని జవాబు చెప్పను? వదినకు ఏం చేయను?"

ప్రియ సోదరీ! నీ తండ్రిగారు అడిగిన ప్రశ్నను తేలికగా కొట్టివేయను. మంచిమాట చెప్పడానికి జీతమెందుకన్న అనుమానం ఈ వృత్తిలో అడుగుపెట్టిన రోజుల్లో నాకూ ఉండేది. అందువల్లనే నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. నీకు జవాబు ఆ పొరపాటుతోనే మొదలుపెడతాను. ఇక్కడ చెప్పే సంఘటనలలో ఊళ్ళు, కుటుంబ వివరాలు గుర్తుపట్టలేని విధంగా మార్చాను. సంబంధించిన వారి అనుమతితోనే రాస్తున్నాను.

ఇరవై యేళ్ళ కిందటి మాట. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు కావు, ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న అవి జిల్లాలయ్యాయి. నేను వరంగల్‌లో ఉంటూ, జనగామకు, మహబూబాబాద్‌కు రైలులోను, రైలు లేని భూపాలపల్లికి పరకాల మీదుగా బస్సులోను వెళ్ళి వస్తుండేదాన్ని. ఒకనాడు జనగామ దగ్గరి పల్లె నుండి ఒక అత్తగారు తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. కొడుకు సరిహద్దులో జవాను. కోడలికి నిద్ర పట్టదు, అన్నం సయించదు, గుండె దడ. పరీక్షలన్నీ చేయించారు, ఏ రోగమూ లేదన్నారు. నేను పదిహేను నిమిషాలు మాట్లాడాను. నేను మాట్లాడానని గమనించు. ఆమె మాట్లాడలేదు. "నీ భర్త దేశం కోసం నిలబడ్డాడు, నువ్వు గర్వపడాలి. ఓపిక పట్టు, పిల్లవాడిని చూసుకొని ధైర్యం తెచ్చుకో" అని చెప్పాను. అత్తగారు సంతోషంగా తల ఊపింది. కోడలు "సరే మేడమ్" అంది. మళ్ళీ రాలేదు. నయమైందనే అనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత తెలిసింది, ఆమె ప్రాణం తీసుకోబోయిందని. పొరుగింటి ఆమె సకాలంలో చూడడం వల్ల బ్రతికింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆమె నాతో అన్న మాటలు నేటికీ నా చెవుల్లో ఉన్నాయి. "మీరు సుత మా అత్తమ్మ లెక్కనే మాట్లాడిన్రు మేడమ్. ఓపిక పట్టుమన్నరు. నాకు ఎన్ని దినాల సంది ఓపిక లేదో ఒక్కలన్న అడిగిన్రా?"

ఆ రోజు నేను ఆమెను అడగవలసినవి చాలా ఉన్నాయి. అత్తగారిని కొంతసేపు బయట కూర్చోమని మర్యాదగా చెప్పి, ఆమెతో ఏకాంతంగా మాట్లాడాలి. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో, ఏ ఆలోచన నిద్ర లేపుతోందో అడగాలి. "బ్రతకడమెందుకని ఎప్పుడైనా అనిపించిందా? చనిపోవాలని ఆలోచించావా?" అని సూటిగా అడగాలి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం నిజం కాదు. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది, మనిషికి బరువు తగ్గుతుంది. ఇవన్నీ నేర్చుకోవలసిన విషయాలు. మంచి మనసున్నంత మాత్రాన వచ్చేవి కావు. నాకు మంచి మనసు ఆనాడూ ఉంది. లేనిది శిక్షణ.

మీ అబ్బాగారికి నా మొదటి జవాబు ఇదే. ఇంటి పెద్దలు చెప్పే మంచిమాటకు విలువ ఉంది. అయితే ఇంటి పెద్దకు ఆ ఇంటి తగవులో ఒక పక్షం ఉంటుంది. కోడలు అత్తగారి ఎదుట అత్తగారి గురించి చెప్పుకోలేదు. కౌన్సెలర్ ఏ పక్షానికీ చెందదు. విన్నది గడప దాటనివ్వదు. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే, అదీ అవసరమైనంత మేరకే, మరొకరికి చెబుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారి గోప్యతను హక్కుగా గుర్తించింది. జీతం ఈ నేర్పుకు, ఈ నమ్మకానికి.

ఇక సైనికుల ఇళ్ళ సంగతి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. మిగతా రోజులన్నీ ఇల్లాలు ఒంటరిగా ఇల్లు నడుపుతుంది. బడి ఫీజు, పొలం తగాదా, మామగారి మందులు, బ్యాంకు పనులు అన్నీ ఆమె మీదే. క్రమంగా ఆమెకు నిర్ణయాలు తీసుకోవడం అలవాటవుతుంది. అప్పుడు ఆయన సెలవు మీద వస్తాడు. ఊరంతా పండుగ అనుకుంటుంది. ఇంట్లో మాత్రం వారం గడవకముందే చికాకు మొదలవుతుంది. చిన్న పిల్ల తండ్రి దగ్గరికి పోనని ఏడుస్తుంది. "నన్ను అడగకుండా ఎందుకు చేశావు?" అని ఆయన అంటాడు. "అడగడానికి నువ్వెక్కడున్నావు?" అని ఆమె అంటుంది. తనను అందరూ మరచిపోయారని ఆయన, తన కష్టం ఎవరికీ కనబడలేదని ఆమె బాధపడతారు. ఇద్దరూ కాస్త సర్దుకునేసరికి సెలవు అయిపోతుంది.

ఇలాంటి దంపతులు వచ్చినప్పుడు తప్పెవరిదని తేల్చడం నా పని కాదు. సెలవులో మొదటి పది రోజులు ఇంటి పద్ధతులేవీ మార్చవద్దని ఆయనతో ఒప్పిస్తాను. ఏయే విషయాలు ఆమె ఒంటరిగా నిర్ణయించవచ్చో, ఏవి ఫోనులో కలిసి మాట్లాడుకోవాలో ఒక కాగితం మీద ఇద్దరి చేతా రాయిస్తాను. ఫోనుకు ఒక వేళ నిర్ణయించుకోమంటాను. అయితే ఆ వేళకు ఫోను రాకపోతే అది కీడుకు సూచన కాదని కూడా ముందే చెప్పుకోమంటాను. కొన్నిచోట్ల సిగ్నలే ఉండదు. చూడడానికి ఇవి చిన్న పనులు. చాలా ఇళ్ళలో వీటితోనే నిద్ర తిరిగి వచ్చింది.

సైనికుని భార్య ఎడబాటును ఆమె సొంత బలహీనతగా చూడడం మన సంప్రదాయం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలపు సంఘటన మీరు విని ఉంటారు. ఒక రాత్రి ఆయన మదీనా వీధులలో గస్తీ తిరుగుతుండగా ఒక ఇంటి నుండి స్త్రీ గొంతు వినబడింది. యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఆమె తనలో తాను పాడుకుంటూ దుఃఖిస్తోంది. ఆయన ఆమెను మందలించలేదు, ఓపిక పట్టమని బోధించలేదు. ఇంటికి వెళ్ళి కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. కొన్ని ఉల్లేఖనాలలో నాలుగు నెలలని, మరికొన్నిటిలో ఆరు నెలలని ఆమె జవాబు కనబడుతుంది. ఆ గడువు మించి సైనికులను ఇంటికి దూరంగా ఉంచరాదని ఆయన ఆజ్ఞ జారీ చేశారు. విన్నారు, తెలిసినవారిని అడిగారు, ఏర్పాటును మార్చారు. మా వృత్తిలో మేము నేర్చుకునే క్రమం కూడా ఇదే.

'సబ్ర్' అన్న మాటను మనం తరచు నోరు మూయించడానికి వాడుతున్నాము. కుమారుని ఎడబాటులో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖించి దుఃఖించి కంటిచూపు పోగొట్టుకున్నారని దివ్య ఖుర్ఆన్ యూసుఫ్ సూరా చెబుతుంది. ఆయన సహనశీలి కారని ఎవరనగలరు? తన బాధను ఆయన దైవం ముందు చెప్పుకున్నారు. చెప్పుకోవడం సహనానికి విరుద్ధం కాదు.

ఇప్పుడు భూపాలపల్లి వైపు ఒక ఇంటి సంగతి. పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక సోదరుడు అక్కడ సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఆ ఊరి పక్కన బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గని ఉంది. అక్కడ బ్లాస్టింగ్ జరిగినప్పుడు ఇళ్ళ కిటికీలు అదురుతాయి. ఊరివారికి అది అలవాటైన చప్పుడు. ఈయన మాత్రం ఆ చప్పుడుకు ఎక్కడుంటే అక్కడ నేల మీద పడుకునేవాడు. తర్వాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడడు. రాత్రి కేకలు వేస్తూ లేస్తాడు. స్నేహితుల పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. ఇంటివారు జిన్ను పట్టిందనుకున్నారు. ఒక ఆమిల్ దగ్గరికి తీసుకువెళ్ళారు, తాయెత్తులు కట్టించారు, అప్పు చేసి డబ్బు పోశారు. ఏడాది గడిచింది, ఆయన ఇంకా ముడుచుకుపోయాడు.

ఆ ఇంటికి దారి చూపినవారు మసీదు ఇమామ్ సాహెబ్. "దుఆ నేను చేస్తాను. డాక్టరు దగ్గరికి మీరు తీసుకువెళ్ళండి. రెండూ కలిసే జరగాలి" అని ఆయన చెప్పారు. మనోవైద్యుడు పరీక్షించి, తీవ్ర భయానుభవం మిగిల్చిన వ్యాధి అని నిర్ధారించి మందులు రాశారు. కౌన్సెలర్ మందులు రాయకూడదు, రాయలేదు. నా పని ఆ తర్వాత మొదలైంది. ఆయన చూసిన సంఘటనను ఒక్కసారిగా తవ్వలేదు. ముందు నిద్ర, ఊపిరి, దినచర్య. బ్లాస్టింగ్ జరిగే వేళ ముందే తెలుస్తుంది కనుక, ఆ వేళకు కూర్చొని, పాదాలు నేల మీద ఆనించి, 'ఇది గని, ఇది మా ఊరు, ఈ రోజు ఫలానా వారం' అని తనకు తాను చెప్పుకోవడం అభ్యాసం చేశాడు. పక్కన భార్య కూర్చునేది. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పటికీ ఉలిక్కిపడతాడు, అయితే నేల మీద పడడు. "చప్పుడు పోలేదు ఆపా, నేనే తిరిగొచ్చిన" అన్నాడు ఒకసారి.

మన సమాజంలో ఈ విషయంలో ఆలస్యానికి మూల్యం ఎంతో చెప్పడానికి ఒక పేరు చాలు, ఏర్వాడి. తమిళనాడు రామనాథపురం జిల్లాలో దర్గా ఉన్న ఊరు అది. అక్కడ మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు వసతిలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున 28 మంది తప్పించుకోలేక మరణించారు. వారిని అక్కడికి చేర్చినది శత్రువులు కాదు, నయమవుతుందన్న ఆశతో కుటుంబాలే చేర్చాయి. నేటి చట్టం ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడం నిషిద్ధం. మన పూర్వికులు ఈ విషయంలో మనకంటె ముందున్నారు. పదవ శతాబ్దంలో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటినీ కలిపి ఒకే గ్రంథంలో చర్చించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనబడని దుఃఖం వేరని విడదీసి చెప్పాడు. ఆ విభజన నేటి వైద్యులకూ పరిచితమే.

'పిచ్చివాళ్ళు' అన్న మాట గురించి కూడా మీ అబ్బాగారికి చెప్పు. నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. వాటిలో తెలంగాణ లేదు. ఆ సర్వే ప్రకారం పెద్దవారిలో వందకు పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. సమస్యను బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. వారు గొలుసులలో ఉన్నవారు కారు. బడిలో పాఠం చెబుతున్నవారు, కిరాణా కొట్టులో కూర్చున్నవారు, మన సఫ్‌లో భుజం కలిపి నమాజుకు నిలబడినవారు.

సహాయం ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడు చెబుతాను. ఈ పేజీ కత్తిరించి దాచుకోండి.

మొదటిది, 14416. ఇది టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత ఫోను సేవ. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. సైనికులు, వారి కుటుంబాల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరు 1న ప్రయోగాత్మకంగా ఒక ప్రత్యేక విభాగం ప్రారంభించారు. సైనిక జీవితం తెలిసినవారు వింటే సగం వివరణ అవసరం ఉండదు.

రెండవది, ప్రభుత్వ ఆసుపత్రి. ఒకప్పుడు ఈ మూడు ప్రాంతాలవారు మనోవైద్యుని కోసం వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాదు ఎర్రగడ్డకో పోవలసి వచ్చేది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వైద్య కళాశాల ఆసుపత్రికి మనోవైద్య విభాగం ఉండాలన్నది నియమం. ఓపీ చీటీ రాసేచోట మనోవైద్యుడు ఏ రోజుల్లో కూర్చుంటారో అడగండి. 1996 నుండి నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం గురించి కూడా అడగండి.

మూడవది, హక్కు. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్య సేవలు పొందడం 2017 చట్టం ప్రకారం ప్రతి వ్యక్తి హక్కు. ఆరోగ్య బీమా కంపెనీలు శారీరక రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా కల్పించాలని అదే చట్టం చెబుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని కూడా ఉంది. కనుక పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆలస్యం చేయవద్దు.

నాలుగవది, సైనిక సంక్షేమ కార్యాలయం. మాజీ సైనికులు, వారి వితంతువులు పెన్షను కాగితాల కోసం, పిల్లల చదువు సహాయం కోసం అక్కడికి వెళ్ళాలి. పెన్షనుదారులైన మాజీ సైనికులకు, వారిపై ఆధారపడిన వారికి 2003లో మొదలైన ఇసిహెచ్ఎస్ పథకం కింద వైద్యం ఉంది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మహబూబాబాద్ దగ్గరి ఒక తండా నుండి వచ్చిన చెల్లెలు తన భర్త సీఆర్‌పీఎఫ్ అని చెప్పి, సైనిక కార్యాలయానికి రెండుసార్లు తిరిగి వట్టి చేతులతో వచ్చింది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి దళాలు హోం శాఖ కిందివి. వాటి సంక్షేమానికి వేరే మండలి ఉంది. యూనిఫారం చూసి ఊరు అందరినీ 'మిలిటరీ' అంటుంది, కాగితం అలా అనదు. ఏ దరఖాస్తు ఎక్కడికి పోవాలో తెలిసిన కౌన్సెలర్ ఒక కుటుంబానికి ఎన్నో నెలల తిరుగుడు తప్పించగలదు. కడుపులో ఆకలి, చేతిలో తిరస్కరించిన కాగితం ఉన్న మనిషికి ఊపిరి వ్యాయామం నేర్పితే ఏం లాభం?

మరొక సంగతి నీకు ఆసక్తి కలిగించవచ్చు. భారత సైన్యంలో మత బోధకుల కొలువు ఉంది. పండితులు, గ్రంథీలు, పాద్రీలతో పాటు మౌల్వీలను కూడా నాయబ్ సుబేదార్ హోదాలో తీసుకుంటారు. అంత్యక్రియలకు హాజరు కావడం, ఆసుపత్రిలో ఉన్న జవాన్లను పలకరించడం, కోలుకుంటున్నవారితో కలిసి ప్రార్థించడం, శిక్ష అనుభవిస్తున్నవారిని కలవడం వారి విధులలో చేరి ఉన్నాయి. బాధలో ఉన్న సైనికుని పక్కన ఒక మనిషి కూర్చోవాలన్న అవసరాన్ని సైన్యమే కొలువుగా గుర్తించింది.

ఇక చదువు సంగతి. డిగ్రీ తర్వాత మనస్తత్వశాస్త్రంలో గాని, సామాజిక సేవా శాస్త్రంలో గాని పీజీ చేయాలి. తరగతికి వెళ్ళి చదివే కోర్సునే ఎంచుకో. దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో మనస్తత్వశాస్త్ర కోర్సులను యూజీసీ 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుండి నిలిపివేయమంది. ఎవరైనా ఆరు వారాలలో కౌన్సెలర్‌ను చేస్తామని ఫీజు అడిగితే నమ్మవద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆ పైన గుర్తింపు పొందిన శిక్షణ పూర్తిచేసి, 1992 చట్టం కింద భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. కౌన్సెలర్ల వంటి ప్రవర్తనా ఆరోగ్య వృత్తులను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది. చేరేముందు ఆ నియమాలు చూసుకో.

కొలువులు సఖి కేంద్రాలలో, ప్రభుత్వ ఆసుపత్రుల సలహా కేంద్రాలలో, మత్తు విముక్తి కేంద్రాలలో, బడులలో, స్వచ్ఛంద సంస్థలలో ఉంటాయి. దాచకుండా చెబుతున్నాను, వాటిలో చాలా వరకు కాంట్రాక్టు కొలువులే. జీతం ఆలస్యమయ్యే నెలలు ఉంటాయి. నేను కూడా కొన్నేళ్ళు సాయంత్రం ట్యూషన్లు చెప్పి నెట్టుకొచ్చాను. మరొక ఖర్చు కూడా ఉంది, అది డబ్బుతో కొలిచేది కాదు. రోజంతా ఇతరుల దుఃఖం విన్న మనిషి దానిని ఇంటికి మోసుకుపోతుంది. జనగామ సంఘటన తర్వాత నాకు రెండు నెలలు నిద్ర లేదు. ఒక సీనియర్ దగ్గరికి వెళ్ళి, నేను చేసిన పొరపాటు చెప్పుకొని ఏడ్చాను. ఆమె నన్ను తిట్టలేదు, సమర్థించనూ లేదు. "ఆ రోజు ఏ ప్రశ్న అడిగి ఉండాల్సింది?" అని అడిగి, ఒక్కొక్కటే నా చేత రాయించింది. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయడాన్ని ఎప్పుడూ అవమానంగా భావించకు.

ఈ పనికి మనుషుల అవసరం పెరగబోతోంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరిన యువకులలో నాలుగేళ్ళ తర్వాత సైన్యంలో కొనసాగేవారు నాలుగో వంతు వరకే. మొదటి విడతవారికి 2026 చివరి నుండి గడువు నిండుతుంది. ఇరవైల వయసులో, చేతిలో కొంత మొత్తంతో, పెన్షను గాని ఇసిహెచ్ఎస్ గాని లేకుండా వారు మన ఊళ్ళకు తిరిగివస్తారు. చాలామంది చక్కగా స్థిరపడతారు. కొందరికి, నిన్నటి వరకు సెల్యూట్ చేసిన ఊరు ఇవాళ 'ఏం చేస్తున్నావు?' అని అడగడం భరించరానిదవుతుంది. వారి మాట వినడానికి జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఎవరు కూర్చుని ఉంటారు? మన భాష, మన యాస, మన ఇళ్ళ తీరు తెలిసిన అమ్మాయిలు, అబ్బాయిలు కూర్చోవాలి. ముఖ్యంగా పరాయి పురుషునితో మనసు విప్పలేని మన స్త్రీల కోసం మన అమ్మాయిలు కావాలి.

చివరగా మీ వదిన. నువ్వు ఆమెకు కౌన్సెలర్‌వి కాలేవు, కావద్దు కూడా. నువ్వు ఆ ఇంటి ఆడబిడ్డవు. ఆడబిడ్డగానే ఒక పని చేయి. ఈ సారి ఆమె రాత్రి రెండు గంటలకు లేచినప్పుడు నువ్వూ లేచి, చాయ్ పెట్టి, పక్కన కూర్చో. 'ఏమైంది?' అని అడగకు, 'ఏమీ లేదు' అన్న జవాబు ఇప్పటికే సిద్ధంగా ఉంది. "నువ్వు నిద్రపోవడం లేదని నేను చూస్తున్నాను. ఎన్నాళ్ళ నుండి?" అని అడుగు. ఆమె చెబుతున్నప్పుడు మధ్యలో ధైర్యం చెప్పకు. బ్రతకాలని లేదన్న మాట గాని, అలాంటి ఛాయ గాని వినబడితే ఆమెను ఒంటరిగా వదలకు. అప్పుడే 14416కు కలిసి ఫోను చేయండి, తెల్లవారగానే ఆసుపత్రికి వెళ్ళండి. అలాంటిదేమీ లేకపోయినా, రెండు వారాలకు మించి నిద్ర, తిండి చెడితే అది వైద్యునికి చూపించవలసిన విషయమే. మీ అన్నకు కూడా చెప్పండి, అయితే ఆమె ఒప్పుకున్న తర్వాత, ఆమె చేతనే చెప్పించండి.

ఆసుపత్రి మంచం మీద నన్ను నిలదీసిన జనగామ సోదరి ఆ తర్వాత పధ్నాలుగు నెలలు చికిత్స తీసుకుంది. ఆమె భర్త ఉద్యోగ విరమణ చేసి ఇంటికి వచ్చిన రోజున నాకు ఫోను చేసింది. ఆయన గొంతు వెనుక వినబడుతోంది, ఏదో సామాను ఎక్కడ పెట్టాలని అడుగుతున్నాడు. "ఇగ నుంచి రోజు లొల్లే మేడమ్" అని నవ్వింది. అరగంట మాట్లాడింది. నేను విన్నాను.

మీ అబ్బాగారికి ఈ పేజీ చదివి వినిపించు. తర్వాత ఆయన చెప్పేది కూడా ఓపికగా విను. ఆయన భయం నీ మీది ప్రేమ నుండి వచ్చినదే.

అల్లాహ్ మీ వదినకు మనశ్శాంతిని, మీ అన్నకు క్షేమాన్ని, నీ సంకల్పానికి స్థిరత్వాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.